జ్ఞానయ్యగారి ఖురాన్ పరిశోధన

నల్లా వచ్చే వేళకు విక్టోరియా బిందెలు సర్దుకుంటుంటే, హాల్లో ఆమె మొగుడు జ్ఞానయ్య ఫోను గొంతు పెంచాడు. ఎవరో అరబ్బీలో రాగం తీసి చదువుతున్నారు. నాచారంలో ఆ వీధి మొత్తానికి వినపడేంత సౌండు.

"జర తగ్గించరాదయ్యా. అమ్మ పండుకున్నది."

"పరిశోధన జేస్తున్న. మధ్యల మాట్లాడకు."

పరిశోధనంట. విక్టోరియా మూతి విరిచింది. సిలిండర్ అయిపోయిందో లేదో ఊపి చూసి చెప్పలేని మనిషి, పద్నాలుగు వందల ఏళ్ల కింద ఎవరు ఏ ప్రతిని కాల్చారో చెప్తాడు. మల్లాపూర్ ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేసి రిటైరయ్యాక ఆయనకు పట్టిన పిచ్చి ఇది. ముస్లింల ఖురాన్ మొదటి నుంచీ మారకుండా ఉందంటారు కదా, మారిందని తేల్చి పారేస్తానని కంకణం కట్టుకున్నాడు. అరబ్బీలో ఒక్క అక్షరం గుర్తుపట్టలేడు. మొదటి సూరా, అంటే మొదటి అధ్యాయం మాత్రం పొద్దూ మాపూ ఫోన్లో పెట్టి, ఇక్కడివాళ్లు చదివినట్టు ఒకసారి, మొరాకోవాళ్లు చదివినట్టు ఒకసారి విని, తేడా దొరికిందని తొడ చరుచుకుంటాడు. పైగా దాని మీద ఒక యూట్యూబ్ చానెల్. చూసేది ఆయనా, పాస్టరుగారి బావమరిదీ, తండ్రి పోరు పడలేక సబ్‌స్క్రైబ్ నొక్కిన కూతురు షైనీ.

ఈ పిచ్చికి మూలం విక్టోరియా తమ్ముడు తిమోతి. అతను షాహీన్‌ను పెళ్లి చేసుకుని, ముస్లిమై, తాహెర్ అయ్యాడు. ఉప్పల్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. చర్చిలో సంఘపెద్దనైన తన ఇంటి పరువు పోయిందని జ్ఞానయ్య ఆనాడే బామ్మర్దికి గడప బంద్ పెట్టాడు. పిల్లలు పుట్టి పెద్దయ్యారు, పెద్దవాళ్లకు జుట్టు నెరిసింది. ఆ గడప మాత్రం తెరుచుకోలేదు.

ఇప్పుడు తల్లి మరియమ్మ మంచం పట్టింది. దవాఖానాలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చెంచాతో పోసే జావ కూడా దిగడం లేదు. కళ్లు తెరిచినప్పుడల్లా ఒకటే మాట, "తిమోతి వచ్చిండా?" విక్టోరియా కాళ్లావేళ్లా పడితే జ్ఞానయ్య చివరికి ఒప్పుకున్నాడు. దానికీ ఒక షరతు పెట్టాడు. ముందు తనతో కూర్చుని వాళ్ల గ్రంథం మారిందో లేదో తేల్చాలి. దాన్ని వీడియో తీస్తాడు. ఆ తర్వాతే తల్లి మొహం. విక్టోరియా గతిలేక తలూపింది.

తిమోతి వచ్చాడు. నెత్తిన టోపీ, తెల్లబడిన గడ్డం, చేతిలో దానిమ్మ పండ్ల సంచి. సంచి అక్క చేతికిచ్చాడు. అప్పటికే జ్ఞానయ్య స్టీలు చెంబుకు ఫోను ఆనించి, వీడియో మొదలుపెట్టాడు.

"కూసో. మీ ఖురాన్ల ఒక్క అక్షరం గూడ మారలేదంటరు గద. నిజమేనా?"

"ముందు అమ్మను జూసొస్త బావా."

"జవాబు జెప్పి సూడు."

తిమోతి అక్క వైపు చూసి, కుర్చీ అంచున కూర్చున్నాడు. "మారలేదు. మేం నమ్మేది గదే."

"మరి ఖలీఫా ఉస్మాన్ తక్కిన ప్రతులన్నీ ఎందుకు కాల్పిచ్చిండు? మొరాకోల ఇంకో తీరుగ ఎందుకు సదువుతరు?"

"గవేం దాచిన ముచ్చట్లు కావు బావా, మా మౌలానా సాబే జెప్పిండు. అందరి రాత ఒక్క తీరుండాల్నని కాల్పిచ్చిండంట. ఇగ సదివే తీర్లంటవా, గురువు నోట విని శిష్యుడు నేర్చినవే, మొదటి నుంచి ఉన్నవే."

"రెండు తీర్లున్నది ఒక్కటెట్లయితది?" జ్ఞానయ్య ఫోను వైపు తిరిగి, లక్షమంది చూస్తున్నట్టు నవ్వాడు.

ఆ నవ్వుతో తిమోతికి కాలింది. "నీ బైబిల్ సంగతేంది మరి? జమానాకో తర్జుమా తెస్తరు. నా దుకాణంల పాత ట్యూబుకు గూడ గన్ని అతుకులుండవు."

"తర్జుమా వేరు, మూలం వేరు. గది గూడ తెల్వని పంచరోనివి నువ్వు."

"నువ్వేమో లేత్ మిషన్ ముంగట అరబ్బీ నేర్చినవు."

విక్టోరియాకు ఇద్దరినీ చూస్తే ఒళ్లు మండింది. మొగుడే అనుకుంటే తమ్ముడూ అదే బాపతు. అరవై దగ్గరపడిన ఇద్దరు మగవాళ్లు, దేవుడు వీళ్ల తీర్పు కోసం కాచుక్కూర్చున్నట్టు మాట్లాడుతున్నారు. ఆ గోలలోనే లోపలి నుంచి సన్నగా పిలుపు వినపడింది. వాళ్లిద్దరికీ వినపడలేదు. ఆమె వెళ్లి చూస్తే తల్లి పక్కంతా తడిసింది. గబగబా ఒళ్లు తుడిచి, పొడి బట్ట వేసి, తడి దుప్పటి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"ఆఖరు మాట. మారిందని ఒక్కసారి అను, లోపలికి పో," అంటున్నాడు జ్ఞానయ్య.

తిమోతి లేచాడు. మొహం నల్లబడింది. "ఆ మాట అని అమ్మను సూసుడు కంటె, సూడకుండ పోవుడే నయం." చెప్పుల్లో కాలు పెట్టాడు.

విక్టోరియా ఆ దుప్పటిని తీసుకెళ్లి ఫోను మీద వేసింది. చెంబు కింద పడి దొర్లింది.

"వీడియోల గిది వెట్టు. మీరు పెద్ద సదువులు సదువుతుంటె అమ్మ తడిబట్టల పండుకోని పిలిచింది. ఒక్కడన్న విన్నడా? మారిందని నువ్వు, మారలేదని వీడు. మీ ఇద్దర్ని అడిగి రాసిండా దేవుడు? ఆమె రేపుంటదో ఉండదో. ఒక్క పూట మీ నోర్లు మూసుకుంటె ఏం మునుగుతది?" తమ్ముడి రెక్క పట్టుకుంది. "చెప్పులిడువు. నడువు లోపలికి."

జ్ఞానయ్య వంగి, దొర్లిన చెంబును అందుకున్నాడు.

మరియమ్మ కొడుకును చూసి ఏడవలేదు. గడ్డం నిమిరింది. "నెరిసింది బిడ్డా," అంది. తిమోతి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె అంది, "గది సదువు."

"ఏదమ్మా?"

"అల్లుడు దినాం ఫోన్ల వెడ్తడు గద. ఆయన తిట్టనీకె పెడ్తడు. నా కొడుకు ఏడనో కూసోని గదే సదువుకుంటుండొచ్చని నేను విన్న. ఆయన బంద్ జేస్తె నాకు మనసునవట్టకపోయేది."

విక్టోరియా గోడకు ఆనుకుంది. తల్లి కోసమని రోజూ ఆ గొంతు తగ్గించమని కొట్లాడింది తనే. మొగుడి మీద కోపమే తప్ప, ఆ మంచం మీద మనిషి ఏం వింటోందో ఒక్కనాడూ అడగలేదు. కళ్లు నిండి గది అలికినట్టయింది.

తిమోతి మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు చదివాడో లేదో, మరియమ్మ ప్రార్థనకు పెట్టినట్టు అతని తల మీద చెయ్యి పెట్టింది. అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. మూడోది ఎలాగో ముగించి ఆగిపోయాడు. ఆమె కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది.

గుమ్మం దగ్గర నుంచి తర్వాతి మాట వచ్చింది. బొంగురు గొంతు, వంకర అరబ్బీ. జ్ఞానయ్య. ఏ మాట దగ్గర మొరాకోవాళ్లు వేరేలా చదువుతారని ఆయన నెలలుగా ఊగిపోతున్నాడో, సరిగ్గా ఆ మాట. దాన్ని మొరాకో తీరున కాక, ఇక్కడ బామ్మర్ది చదివే తీరులోనే అందించాడు. తిమోతి తలెత్తి చూసి, అక్కడి నుంచి అందుకుని చివరిదాకా చదివాడు.

"ఆమేన్," అంది మరియమ్మ. తిమోతీ అదే అన్నాడు; ఆ సూరా ముగిశాక వాళ్లూ అనే మాట అదే.

జ్ఞానయ్య గోడ వైపు చూస్తూ గొణిగాడు. "ఆడ ఆగితె అత్తమ్మ ఎదురుసూస్తది గదా అని."

"మా మసీదుల గూడ ముంగట సదివేటాయన ఆగితె, యెనక నిలవడ్డోడు గిట్లనే అందిస్తడు బావా," అన్నాడు తిమోతి కళ్లు తుడుచుకుంటూ. "గట్ల అందిచ్చుకుంటనే మా దాంక వచ్చిందంటరు."

దానికి జ్ఞానయ్య దగ్గర ఎన్ని జవాబులున్నాయో విక్టోరియాకు తెలుసు. ఆయన ఒక్కటీ బయటికి తీయలేదు.

"ఇంకోపాలి సదువు బిడ్డా," అంది మరియమ్మ. "అల్లుడా, నువ్వు గూడ ఈడ్నే కూసో. మల్ల ఆగితె ఎట్ల?"

జ్ఞానయ్య లోపలికొచ్చి, బామ్మర్ది పక్కన నేల మీద కూర్చున్నాడు.