రెండు దెబ్బల పాట

"ఒక్క దెబ్బకు ఆగాలోయ్... రెండు దెబ్బలకు..."

ఆ పైన ఏముందో సత్యవేణమ్మకు ఎంతకీ గుర్తురాదు. కొండల్లో బంగారు గని ఊళ్లో పుట్టిందావిడ. మనుషుల్ని గనిలోకి దింపే ఇనప బోను కోసం కిందివాళ్లు గొట్టం మీద కొట్టే సైగలవి. పిల్లలు పాట కట్టి పాడుకునేవాళ్లు. కిందనుంచి ఎన్ని దెబ్బలు వినిపిస్తే పైవాళ్లూ అన్నే తిరిగి కొట్టాలి. అప్పుడే బోను కదిలేది. ఆవిడ అన్నయ్య పోలిరాజు దిగిన బోను ఓనాడు మళ్లీ పైకి రాలేదు. తర్వాత బంగారం అయిపోయింది. ఊరు ఖాళీ అయింది. ఇప్పుడక్కడ మొండిగోడలే.

ఇది ఖిదిర్‌పూర్‌లో ఓ అపార్టుమెంటు. మధ్యాహ్నం, జోరువాన. కరెంటు పోయి మనవరాలు ధాత్రి లిఫ్టులో ఇరుక్కుంది.

"లిఫ్టువాడు ఏటన్నాడు, కోదండం?" వాచ్‌మన్‌ని మళ్లీ అడిగింది.

"వస్తన్నాడంట, మామ్మగారూ."

"ఇందాకట్నుంచీ వస్తనే ఉన్నాడు! సెక్రటరీ దాదా?"

"ఫోనెత్తట్లేదు. నిద్దరోతన్నాడేమో."

"పిల్ల లోపల మగ్గిపోతంటే ఆయనకి నిద్దరొకటా!"

"కంగారుపడకండి. లిఫ్టు కింది అంతస్తులోనే ఆగింది. కరెంటు లేందే అంగుళం కదల్దు. దాని కింద ఉత్త మట్టే. గునపం తెస్తానుండండి."

వెళ్లాడు. రాలేదు.

"అమ్మమ్మా, చీకటిగా ఉంది." తలుపు వెనకే, చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"ఇక్కడే ఉన్నానమ్మా."

టక్... టక్.

పాపం, పిల్ల బెదిరింది అనుకుంది. విన్నానని చెప్పడానికి చేతికర్రతో తలుపు మీద తిరిగి కొట్టింది. టక్... టక్. చిన్ననాటి అలవాటు.

లోపల ఏదో బరువుగా జారింది. తలుపు సందులోంచి చల్లగాలి. తడిరాయి వాసన. గని దీపాల కార్బైడు వాసన...

టక్... టక్.

"ఏటమ్మా ఆ కొట్టడం? నోరు విప్పి మాట్లాడు!" విసుగొచ్చి గట్టిగా కొట్టింది. రెండుసార్లు.

మళ్లీ జారింది.

అప్పుడు నాలుక మీదికి దానంతటదే వచ్చింది ఆ పాట ముక్క.

"...రెండు దెబ్బలకు దించాలోయ్."

గబుక్కున కర్ర ఎత్తింది. ఒక్క దెబ్బ కొట్టింది. ఆగాలి... ఆగాలి...

కిందనుంచి జవాబొచ్చింది. టక్... టక్.

ఆవిడ కర్ర పారేసింది. చెవి తలుపుకు ఆన్చింది. ధాత్రి గొంతు తలుపు వెనక లేదు. పాదాల కింద, ఎక్కడో లోతున, నూతిలోంచి వచ్చినట్టుంది. ఆ పిల్ల ఆవిడతో అన్న ఆఖరి మాట ఇదే.

"అమ్మమ్మా... కొడుతున్నది నేను కాదు. పక్కనున్నతను నిన్ను చెల్లీ అంటున్నాడు... పలకవేం?"