తాళం అడగకూడని చోట

ఎదురింటావిడ లిఫ్ట్ మెకానిక్‌తో అందట. మెకానిక్ ‘మనకెందుకులే’ అనుకుంటూనే ఆ మాట తెచ్చి ‘తాళం’ అనే మనిషి చెవిలో వేశాడు.

"సార్, నేనన్నానని అనకండి. మీరు అటు గుమ్మం దిగడం, ఇటు ఎవరో పొడుగాటి మనిషి మీ ఇంటికి రావడమట. రోజూ మధ్యాహ్నమేనట. పటంలో బొమ్మలా ఉంటాడట. వెళ్ళేటప్పుడు చొక్కా చేతులు సర్దుకుంటూ వెళ్తాడట."

"చుట్టాలెవరో అయ్యుంటారు," అన్నాడు తాళం.

"నేనూ అదే అన్నాను సార్. ఆవిడ నవ్విందండీ."

‘తాళం’ అన్నది డిపార్ట్‌మెంటు పెట్టిన మారుపేరు. శత్రువులు గోళ్ళు పీకినా ఆ నోట్లోంచి ఒక్క అక్షరం ఊడిపడలేదు. అతని దగ్గర పెట్టెడు పాస్‌పోర్టులు, ఇంకో పెట్టెడు గడ్డాలు మీసాలు ఉన్నాయి. ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే సేల్స్‌మన్. సొంత వంటింట్లో ఫిల్టరు ఏడాదిగా కారుతున్నా జాయింటు బిగించని సేల్స్‌మన్.

అంతటి ఏజెంటూ ఆ పూట సొంత ఇంటినే సోదా చేయడం మొదలుపెట్టాడు.

భార్య నర్సు. ఈమధ్య మధ్యాహ్నం డ్యూటీలు మానేసింది. ఎందుకంటే ఓపిక లేదంది. ఓపిక లేని మనిషి అద్దం ముందు కూనిరాగాలు తీస్తుందా? ఫ్రిజ్ తెరిచాడు. వెనకాల, కంటికి కనపడకుండా, ఒక చిన్న గిన్నె ఉంది. వేలితో తీసి నాకి చూస్తే ఉప్పులేని కూర. ఇన్నేళ్ళ కాపురంలో తనకోసం ఒక్క రవ్వ ఉప్పు తగ్గించిన పాపాన పోలేదు. బీపీ ఉందే అంటే, "తిండి తగ్గించండి, ఉప్పు అదే తగ్గుతుంది" అనేది. వాడెవడో వచ్చేసరికి ఉప్పు మీద కూడా శ్రద్ధ పుట్టుకొచ్చిందన్నమాట!

ఆమె స్నానానికి వెళ్ళింది. హ్యాండ్‌బ్యాగు కుర్చీకి వేలాడుతోంది. రాయబారుల బీరువాలు తెరిచిన చేత్తోనే ఆ జిప్ లాగాడు. లోపల ఒక నీలం సీసా దొరికింది. లేబుల్ మీద నోరు తిరగని మందు పేరు.

ఏ రోగానికిది? ఎవరి రోగానికి?

ఫోన్ తీసి ఆ పేరు కొట్టాడు. ఉచితంగా ఆరోగ్య సలహాలిచ్చే వెబ్‌సైటు తెరుచుకుంది. తెల్లకోటు వేసుకున్న అందమైన డాక్టరమ్మ నవ్వుతోంది. పక్కనే బుజ్జి తాళంకప్ప బొమ్మ, ‘మీ వివరాలు పూర్తిగా గోప్యం.’ మందు ఎవరికని అడిగింది. ‘కుటుంబ సభ్యులకు’ అన్నచోట పళ్ళు కొరుకుతూ నొక్కాడు. దగ్గర్లో స్పెషలిస్టుల్ని చూపించాలంటే లొకేషన్ కావాలంది. ఇచ్చాడు. జవాబు పంపడానికి ఫోన్ నంబరు అడిగింది. అదీ ఇచ్చాడు. దొంగ నంబర్లు డజన్లకొద్దీ ఉన్న మనిషి సొంత నంబరు ఇచ్చాడు. అసూయ కమ్మేసినప్పుడు బుర్ర సెలవు పెడుతుంది.

జవాబు రాలేదు కానీ, ఆఫీసు నుంచి కోడ్ మెసేజ్ వచ్చింది: "మీ కళ్ళజోడు రెడీ. వెంటనే తీసుకెళ్ళండి."

కళ్ళజోళ్ళ షాపులో కౌంటర్ మీద వేళ్ళతో తట్టాడు.

"ఒక కంటికే అద్దం కావాలి."

"ఏ కంటికి?"

"చూడకూడనివి చూసే కంటికి."

అద్దాల అల్మారా పక్కకి జరిగింది. లోపల కళ్ళు పరీక్షించే చార్టు కింద డిపార్ట్‌మెంటు పెద్దాయన కూర్చున్నాడు. ఎదురుగా కాలు మీద కాలేసుకుని, ఖరీదైన ఫ్రేములు ఒక్కొక్కటే పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది ఒక సుందరి. తాళం చూడగానే గుర్తుపట్టాడు. వెబ్‌సైటులో నవ్విన డాక్టరమ్మే!

"నెమలి," పరిచయం చేశాడు పెద్దాయన. "డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో పనిచేస్తూ మనకి కబుర్లు మోస్తుంది."

"డాక్టర్ని కాదు, మోడల్‌ని," అందామె. "ఆ కోటు అద్దెకి తెచ్చింది."

"విషయానికి రా," అన్నాడు పెద్దాయన. "తాళం, ఆ ముఠాలో పనిచేసి మన వైపు తిరిగిన శాస్త్రవేత్త ఒకడు ఈ ఊళ్ళో దాక్కున్నాడు. రేపు కోర్టులో అందరి పేర్లూ బయటపెడతాడు. వాడికో అరుదైన జబ్బు. ఆ మందు ఈ ఊళ్ళో వాడేది వాడొక్కడే. అందుకే ముఠా ఈ వెబ్‌సైటు పెట్టింది. జనం జబ్బుల గురించి అడుగుతుంటారు, వీళ్ళు వల వేసుకుని కూర్చుంటారు. అడిగినవాడి పేరు అక్కర్లేదు. ఏమడిగాడు, ఎక్కణ్ణించి అడిగాడు, ఇవి చాలు."

"ఇవాళ పొద్దున చేప పడింది," అంది నెమలి. "ఏ వెధవో గానీ మందు పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. లొకేషన్ ఇచ్చాడు. నంబరు కూడా ఇచ్చాడు మహానుభావుడు. ఎవరో చూద్దాం."

ఆమె డయల్ చేసింది. తాళం జేబులో ఫోన్ మోగింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ మనిషికి రోజూ మీ ఇంట్లోనే మందు ఎక్కిస్తోంది మీ ఆవిడ. ఆమె కూడా మన మనిషే. నీ సంగతి ఆమెకి చెప్పలేదు, ఆమె సంగతి నీకు చెప్పలేదు. అది మన రూలు."

తాళం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఆ ప్రాణమే జారిపోయింది.

"హంతకుడు బయల్దేరాడు," అంది నెమలి. "రక్తపరీక్ష వాడి వేషంలో."

తాళం కారు ఎలా నడిపాడో అతనికే తెలియదు. అపార్ట్‌మెంటులో లిఫ్ట్ ఇంకా విప్పదీసి ఉంది. మెకానిక్ టోపీ, పనిముట్ల సంచీ లాక్కుని మెట్లెక్కాడు. సొంత తాళంచెవితో తలుపు తీసి, గొంతు మార్చి, "నీళ్ళ లీకేజీ అన్నారమ్మా!" అంటూ వంటగట్టు దగ్గరికి నడిచాడు.

గట్టుకి అవతల హాల్లో పొడుగాటి మనిషి చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. నిజంగానే పటంలో బొమ్మలా ఉన్నాడు. అంత తొందర్లోనూ తాళానికి ఒళ్ళు మండింది. భార్య వెనక్కి తిరిగి దూది తీస్తోంది. రక్తపరీక్ష కుర్రాడు సూదిని మోచేతి మడతకి ఆనించాడు. రక్తం తీయాల్సిన సిరంజి ఖాళీగా ఉండాలి. అది నిండుగా ఉంది!

తాళం ఫిల్టరు గొట్టం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఏడాదిగా వదులైన జాయింటు ఊడొచ్చింది. నీటిధార హంతకుడి ముఖాన ఫెడేల్మని కొట్టింది. వాడు తడబడి జారాడు. భార్య తిరిగి చూసింది. సిరంజి నిండుగా ఉండటం కనిపెట్టి, వాడి మణికట్టు మెలిపెట్టి, మోకాలితో నేలకి అదిమేసింది. మందుకి మొండికేసే పేషెంట్లని అదిమిన అలవాటు ఊరికే పోలేదు. తాళం బేడీలు వేశాడు.

తాళం ఫోన్ కలిపి గట్టు మీద పెట్టాడు. స్పీకర్లో పెద్దాయన, "సాక్షి క్షేమమేనా?" అన్నాడు.

"క్షేమం."

పెద్దాయన గొంతు వినగానే మొగుడూ తమ మనిషేనని భార్యకి అర్థమైంది. ముఖం తుడుచుకుంటూ లేచింది. "ఆ టోపీ తీయండి. జాయింటు ఊడగొట్టిన తీరు చూడగానే తెలిసింది మీరేనని."

"వీణ్ణి లోపలికి ఎలా రానిచ్చావు?"

"మందు పేరు సరిగ్గా చెప్పాడు. ఆ పేరు పెద్దాయన మనుషులకి తప్ప తెలీదు కదా, పంపించారేమో అనుకున్నాను. లోపలికొచ్చాక, పరీక్ష బుక్ చేసింది ఈ నంబరేనని మీ నంబరు చూపించేసరికి మాత్రం, మీకెలా తెలిసిందా అని అదిరిపోయాను."

తాళం నేలమీది నీళ్ళకేసి చూశాడు. "మరి ఆ ఉప్పులేని కూర?"

"మూత్రపిండాలు చెడిన మనిషికి ఉప్పేసి పెడతారా?"

"కూనిరాగాలో?"

"ఇతను రేపటికి బతుకుతాడని నమ్మకం కుదిరింది. సంతోషం వేసింది. అదీ తప్పేనా?"

ఇంతలో గట్టు మీది ఫోన్ టింగుమంది. ఆమె వంగి చదివింది. ‘మీ ప్రశ్నకు మా డాక్టరు జవాబు సిద్ధం. మీ వివరాలు పూర్తిగా గోప్యం.’

పొడుగాటి మనిషి చొక్కా చెయ్యి సర్దుకోవడం ఆపేశాడు. ఊడిన గొట్టంలోంచి నీళ్ళు ధారకడుతూనే ఉన్నాయి.

"ఊరూ పేరూ తెలియని వెబ్‌సైటుని అడిగారు," అందామె. "పక్కగదిలోనే ఉన్నాను కదా, నన్నడగడానికి నోరు రాలేదా?"