రేకుల వెనక పేరు

ఇస్త్రీ చేస్తూ డెస్పినా కూనిరాగం తీస్తోంది. ఆమె పొద్దున్నే పాట అందుకుందంటే ఊళ్ళో ఎవరికో మూడిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ఆమె, టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన భర్త గ్లెన్, విడాకులు తీసుకుని పుట్టింటికొచ్చిన కూతురు ఫొటీనీ. అంతే.

"ఈస్టర్‌కి కూడా బయటికి తియ్యని నీలం గౌను తీశావేంటి?" అన్నాడు గ్లెన్ పేపరు మీంచి తొంగిచూస్తూ.

"ఇవాళ నాకు ఈస్టర్ కంటే పెద్ద పండగ. ఆ రేకులాయన అర్జీ మూడోసారి కొట్టేసే రోజు."

రేకులాయన అంటే పరాయివాడు కాదు, ఆమె తోడబుట్టిన అన్న థానాసిస్. ఒహాయోలో నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పెద్దవీధిలో వాళ్ళ నాన్న కలూడిస్‌కి మిఠాయి కొట్టుండేది. కొడుకు ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే, స్టూలెక్కి రాగి కాగులో పాకం తిప్పింది డెస్పినానే. వీధంతా 'అండ్ సన్స్' బోర్డులున్న రోజుల్లో ఆ తండ్రి తనే నిచ్చెనెక్కి, మేడ ఇటుకల మీద తెల్లరంగుతో 'కలూడిస్ అండ్ డాటర్' అని రాసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారులే అన్నాడాయన.

ఆయన పోగానే థానాసిస్ దిగాడు. కొట్టు మగపిల్లాడిదేనని బంధువులంతా తేల్చారు. అతను కాగులు అమ్మేసి తివాచీలు పెట్టాడు. ఊరి బయట మాల్ వచ్చి పెద్దవీధి ఖాళీ అవుతున్న కాలం అది. పాత ఇటుకలు కనబడకుండా అల్యూమినియం రేకులు తొడిగితే జనం తిరిగొస్తారని దుకాణదార్లకి ఎవరో చెప్పారు. అతనూ పైనుంచి కింద దాకా తొడిగించాడు. జనం మాత్రం రాలేదు.

"గోడ మీద నా పేరు ఏం చేశావ్?" అని నిలదీస్తే, "గీకించేశాను. ఇకనైనా వంటింట్లో కూర్చో," అన్నాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య ఆఖరి మాట అదే. యాభై ఏళ్ళయింది.

ఇప్పుడు కాలం తిరగబడింది. పెద్దవీధికి మళ్ళీ ప్రాణం పొయ్యాలని నగరంవాళ్ళు పూనుకున్నారు. పాత ఇటుకల మీద అందరికీ మోజు పుట్టింది. పాత భవనాలు బాగుచేసుకునేవాళ్ళకి డబ్బిస్తున్నారు. ఎవరి కిటికీ ఎలా ఉండాలో, ఎవరి తలుపుకి ఏ రంగెయ్యాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీలో కుర్చీ కోసం డెస్పినా పడని పాట్లు లేవు. పాత కట్టడాల మీద ప్రేమని ఊరంతా మెచ్చుకున్నారు కానీ, ఆమెకి ఆ ఊళ్ళో ఒక్క కట్టడం మీదే దృష్టి. ఆ డబ్బుకి థానాసిస్ అర్జీ పెడితే, మొదటిసారి కిటికీలు బాలేవని కొట్టేయించింది. రెండోసారి గుమ్మం మీది గుడ్డపందిరి రంగు బాలేదంది. మూడోసారీ కాదంటే ఇక డబ్బు రాదు, భవనం కూల్చి కార్లు నిలిపే చోటు చేస్తారు.

"కూల్చేస్తే నీకేం వస్తుందమ్మా?" అంది ఫొటీనీ, కాఫీ కప్పు తిప్పుతూ.

"ఆ మనిషి ఏడుపొస్తుంది. చాలు."

"తాత కొట్టు కదా అది."

"తాత రాసిన పేరు గీకేసిన రోజే అది తాత కొట్టు కాకుండా పోయింది. చర్చి వంటింట్లో చాక్లెట్లు చేసుకోలేక చస్తున్నావు కదా, నీకు నదివైపు ఏదన్నా గది చూద్దాంలే. ఆ చచ్చిన కొట్టు ఊసెందుకు నీకు?"

ఫొటీనీ కప్పు సింకులో పెట్టి వెళ్ళిపోయింది. దానికేమైందని డెస్పినా మొగుణ్ణి అడిగింది. గ్లెన్ పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

కమిటీవాళ్ళు ఓటు వేసేముందు భవనాన్ని చూడటం ఆనవాయితీ. పది గంటలకి అందరూ కాలిబాట మీద పోగయ్యారు. థానాసిస్ చేతికర్ర మీద ఆనుకుని గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. చెల్లెల్ని చూసి, కమిటీ పెద్ద వెండెల్‌తో అన్నాడు.

"జడ్జిగారు వేంచేసినట్టున్నారు. ఈసారి నా ముక్కు బాలేదంటారేమో అడగండి."

"ముక్కు సరే, ముందు బుద్ధి బాగుచేయించుకోమనండి," అంది డెస్పినా, ఆమె కూడా వెండెల్‌తోనే. మధ్యలో పాపం ఆ పెద్దమనిషి, మద్దెలలా ఇద్దరి దెబ్బలూ తింటున్నాడు.

"ఒక్క రేకు విప్పి, లోపల గోడ ఎలా ఉందో చూద్దాం," అన్నాడు వెండెల్.

థానాసిస్ మొహం మాడిపోయింది. "రేకు ముట్టుకోవద్దు. కాదనేది ఉంటే అనేసి పొండి."

అప్పుడు వీధి అవతలి వైపు నుంచి ఫొటీనీ వచ్చింది. తల్లి ఎదురుగా నిలబడి, వెండెల్‌తో చెప్పింది.

"ఈ కొట్టు అద్దెకి తీసుకున్నది నేను. మొదటి అర్జీకి ముందే సంతకాలయ్యాయి. ఒకే ఇంట్లో ఉంటున్న కూతురి వ్యవహారం కాబట్టి మా అమ్మ ఓటు వెయ్యడానికి వీల్లేదు. రూలు ఉంది కదండీ?"

"ఉందమ్మా," అన్నాడు వెండెల్ నెమ్మదిగా.

తాడి తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. ఆ తన్నేది తన కడుపునే పుడుతుందని డెస్పినా కల్లో కూడా అనుకోలేదు. నీలం గౌను ఎత్తిపట్టుకుని కూతురి మీదికి వచ్చింది.

"ఇంట్లో చెప్పకుండా నలుగురిలో నన్ను నిలబెట్టి కొడతావా?"

"ఇంట్లో చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో! మామయ్య పేరెత్తగానే గిన్నె విసిరేదానివి. రెండుసార్లు నువ్వు కొట్టేసింది ఆయన అర్జీ కాదమ్మా, నాది. నువ్వు పాడుకుంటూ ఇంటికొచ్చిన ఆ రెండు రోజులూ నేను చర్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. సమయం చూసి కొట్టడం నీ దగ్గరే నేర్చుకున్నా."

"పో, వాడి పంచన చేరు! చేరేముందు వాడు నాకేం చేశాడో చూసిపో." డెస్పినా నిచ్చెన పట్టుకున్న పనివాడి వైపు తిరిగింది. "విప్పవయ్యా ఆ రేకు! గీకిన గోడ నా కూతురూ చూడాలి, ఊరూ చూడాలి!"

"వద్దు డెస్పినా," అన్నాడు థానాసిస్. యాభై ఏళ్ళలో ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె వినిపించుకోలేదు.

మేకులు ఊడుతుంటే తుప్పు రాలింది. రేకు కిందికి దిగింది. పావురాల గూళ్ళ చెత్త, దుమ్ము, వాటి వెనక ఎర్రటి ఇటుకలు. ఇటుకల మీద పేరు చివరి ముక్క, తెల్లగా, కొంచెం పక్కకి ఒరిగిన నాన్న చేతిరాతలో 'డాటర్'. ఎండ తగలక నిన్న రాసినట్టే ఉంది. ఒక్క గీటు లేదు.

డెస్పినా తలెత్తి ఆ అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంది.

"గీకుదామనే నిచ్చెనెక్కాను," అన్నాడు థానాసిస్ నేల చూస్తూ. "కుళ్ళు నాకు. ఇంటికి మగపిల్లాణ్ణి నేనుంటే, గోడ మీద నీ పేరేంటని. తీరా ఎక్కాక ఆయన చేతిరాత ఎదురుగా కనబడింది. చెయ్యి లేవలేదు. రేకులు కొట్టించి, గీకించానని నీతో అన్నాను. నువ్వు ఏడవాలని."

"తర్వాతైనా చెప్పొచ్చు కదా!"

"చెబితే నువ్వు గెలిచినట్టవుతుందిగా."

"ఇవాళ నేను కాదనుంటే కూల్చేసేవాళ్ళు కదరా ఆ పేరుని! నా చేత్తోనే కూల్పించేవాడివి!"

"అప్పుడు నేను గెలిచేవాణ్ణి," అంటూనే ముసలాయన భోరుమన్నాడు. "ఏం గెలుపో ఏమో. రాత్రి కంటిమీద కునుకు లేదు."

డెస్పినా చేతిసంచీతో అతని భుజం మీద రెండేట్లు గట్టిగా వేసింది. మూడోది ఎత్తి, వెయ్యలేక, ఆ భుజం మీదే తల ఆనించి ఏడ్చింది. నాన్న పోయిన రోజు కూడా ఆ ఇద్దరూ కలిసి ఏడవలేదు.

కాసేపటికి వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "డెస్పినా, నీకు ఓటు లేదు. ఊళ్ళో మనిషిగా ఒక మాట చెప్పొచ్చు."

ఆమె ముక్కు తుడుచుకుని నిటారుగా నిలబడింది. "కొట్టు తెరవనివ్వండి. ఆ అక్షరాల మీద మాత్రం కొత్త రంగు ఒక్క చుక్క పడకూడదు. ఇంకోటి. రేకులన్నీ ఊడేదాకా ఈయన రోజూ ఇక్కడికొచ్చి నిలబడి చూడాలి. నన్ను ఏడిపించినందుకు అదే శిక్ష."

"నా మోకాళ్ళు..." అన్నాడు థానాసిస్.

"కుర్చీ తెస్తాలే అన్నయ్యా. పక్కన నేనూ కూర్చుంటా."

కమిటీవాళ్ళంతా చేతులెత్తి సరేనన్నారు. ఫొటీనీ దగ్గరికొచ్చి, తడి కళ్ళతోనే నవ్వి గోడ వైపు చూపించింది. "నాకు బోర్డు ఖర్చు తప్పింది. కూతుర్నేగా నేనూ."

"ఆ కూతురు నేను," అంది డెస్పినా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని. "నాకింకా నీ మీద కోపం పోలేదు. నిచ్చెన ఎక్కడుందో చూపించు. నీ పేరు దాని పక్కన నేనే రాస్తా."