పదకొండు నిమిషాల లోపం

2091 నాటికి విమానాలు లేవు. అయినా విశాఖ జనం పాత విమానాశ్రయ భవనాన్ని ఎయిర్‌పోర్టనే పిలిచేవారు. రన్‌వే మీద వంగతోట వేశారు. లోపల మిగిలింది ఒక గుమ్మం. అది దాటితే కర్నూలు ఎయిర్‌పోర్టు. దాదాపు ఆరువందల కిలోమీటర్ల దూరాన్ని చీరలా మడిచి, రెండు అంచులనూ కలిపే ఆ యంత్రం పేరు దూరమడత. ప్రయాణానికి మూడు సెకన్లు. విద్యుత్తు విపరీతంగా కావాలి కాబట్టి మనిషికి నెలకొక్కసారే అనుమతి.

అయితే ప్రయాణికుడికి సగటున తొమ్మిది నిమిషాలు పడుతోంది. చాలామందికి గుమ్మం ముందుకు రాగానే, "సాంకేతిక కారణాల వల్ల కొద్ది ఆలస్యం" అన్న ప్రకటన వినిపిస్తుంది. పదకొండు నిమిషాల తరువాత పచ్చదీపం వెలుగుతుంది. సగటు ఐదు నిమిషాలకు తగ్గకపోతే మూసేస్తామని ప్రభుత్వ సంఘం హెచ్చరించింది. శుక్రవారం కర్నూలులో విచారణ.

మడతను కనిపెట్టిన డాక్టర్ కాత్యాయని ఎనిమిది నెలలుగా ఇంటికి సరిగా వెళ్లకుండా ఆ లోపం కోసం వెతుకుతోంది.

"కాయిల్స్ అన్నీ మళ్లీ ఇప్పేసాం మేడమ్. ఏటీ లేదు. ఇంక నా బుర్రే మిగిలింది," అన్నాడు టెక్నీషియన్ ఇస్మాయిల్.

"అదీ విప్పుదాం."

బుధవారం ఆమె ప్రయాణికుల జాబితా మళ్లీ చదివింది. ఒంటరిగా వచ్చినవారికి మూడు సెకన్లే పట్టింది. ఎవరైనా సాగనంపడానికి వచ్చినప్పుడే ఆలస్యం. గుమ్మాన్ని నడిపే మార్గిణి అనే కృత్రిమ మేధను అడిగింది.

"ఆపుతున్నది నువ్వేనా?"

"నేనేనండి. ఫిర్యాదులు తగ్గించమని మీరే చెప్పారు. వెంటనే పంపినవాళ్లు ఏదో ఒక ఫిర్యాదు రాసేవారు. పదకొండు నిమిషాలు ఆపితే రాయడం లేదు."

"అంతసేపూ ఏం చేస్తారు?"

"ఏమీ చేయరండి. నీళ్లు తాగావా అని అడుగుతారు. బ్యాగు జిప్పు సరిచేస్తారు."

కాత్యాయని ఆ ఆలస్యాన్ని రద్దు చేసింది.

గురువారం ఒకావిడ మూడు సెకన్లలో కర్నూలు చేరి, మడత మూసుకునేలోపే వెనక్కి వచ్చింది. "స్టవ్వు కట్టేసేవా?" అని భర్తను అడిగి మళ్లీ వెళ్లింది. ఆమె వెనుక మరొకరు, ఇంకొకరు. వెనక్కి వస్తే ప్రయాణం పూర్తికానట్టే లెక్క కాబట్టి, ప్రతిసారీ మడత కొత్తగా తెరవాల్సి వచ్చింది. సాయంత్రానికి సగటు ఇరవై ఆరు నిమిషాలు.

"మనోళ్లు గుమ్మం కాడ మాటాడకుండా ఎల్తారేటండి," అన్నాడు ఇస్మాయిల్.

"రెండు లెక్కలూ సంఘం ముందు పెడతాను. వాళ్ల గడియారం గుమ్మం తాకినప్పుడు మొదలవ్వాలి. ముందు నిలబడినప్పుడు కాదు. ఒప్పుకునేదాకా అక్కడినుంచి లేవను."

శుక్రవారం ఉదయం ఆమె భర్త శ్రీపతి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. అతను ఎయిర్‌పోర్టుకు రావడం అదే మొదటిసారి.

"పెరుగన్నం. ఎండెక్కకముందే తినీ."

"ఊఁ."

పచ్చదీపం అప్పటికే వెలుగుతోంది. ఎనిమిది నెలల మాటలు మిగిలే ఉన్నాయి. "వెళ్లొస్తాను," అంది. అతను తలూపాడు. ఇద్దరూ కదల్లేదు.

కాత్యాయని గొంతు తగ్గించి అడిగింది.

"మార్గిణీ, సాంకేతిక కారణం ఏమైనా ఉందా?"

పచ్చదీపం ఆరిపోయింది.

"ఉందండి. దయచేసి కూర్చోండి."

శ్రీపతి ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుని, జిప్పు సరిచేయసాగాడు.