నేలమాళిగలో మూలుగు

గోథెన్‌బర్గ్‌లో ఆ పధ్నాలుగో నంబరు భవనం ఉంది చూశారూ, దాని నేలమాళిగలోకి చీకటి పడ్డాక ఒంటరిగా దిగకూడదంటారు.

కింద అందరికీ కలిపి ఒకటే బట్టలుతికే గది. అక్టోబరు నుంచి అక్కడ ఏదో మూలుగుతోంది. పావుగంటకోసారి... ముందు ఎవరో ఊపిరి లాగినట్టు... తర్వాత ఆ ఊపిరే మెట్లెక్కుతున్నట్టు... పై మెట్టు దాకా వచ్చి — ఆగిపోతుంది.

అయినా ఎవరూ తమ ఉతుకుడు వంతు వదులుకోలేదు. వదులుకుంటే మళ్లీ మూడు వారాలకు గానీ రాదు. దెయ్యానిదేముంది, రోజూ ఉండేదే!

ఆ భవనంలో ఉండేవాళ్ల సంఘం మీటింగులో మాత్రం గంటసేపు చర్చ జరిగింది. నేలమాళిగలో పక్కవాళ్ల సామాన్ల గదిలోకి తొంగిచూడటం నిబంధనలకు విరుద్ధం కాబట్టి వెతకడం కుదరదన్నారు. అధ్యక్షురాలు గున్వోర్ నోటీసు అంటించింది: "దెయ్యమైనా సరే, రాత్రి తొమ్మిది దాటాక చప్పుడు చేయరాదు."

దెయ్యం లెక్కచేయలేదు.

ఆ నేలమాళిగకు సరిగ్గా పైన సిక్స్టెన్ కాపురం. భవనం మొత్తమ్మీద ఆ మూలుగు వినని మనిషి అతనొక్కడే. ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లు. పాత నలుపు తెలుపు సినిమాల్లోంచి ఓ భయం పుట్టించే ఘట్టం తీసుకుని, శబ్దం ఆపేసి, బొమ్మ మాత్రం వందసార్లు చూస్తాడు. పొగమంచులో ఓడ, బంగళాలో కదిలే పరదా... ఆ బొమ్మకు చెవిలో ఏం వినబడాలో అది సింథసైజర్ అనే కరెంటు వాద్యం మీద తయారుచేసి, సంగీతం చేసేవాళ్లకు అమ్ముతాడు. అదే అతని వృత్తి.

'నలభై భయాలు' అని ఒక సంపుటి తెచ్చాడు. జనం తెగ మెచ్చుకున్నారు. "మీ 'ఉరికొయ్య మీద గాలి' పెడితే మా చంటాడు ఇట్టే నిద్రపోతున్నాడు" అని ఒకావిడ రాసింది. ఒక యోగా కేంద్రం 'శవపేటిక మూత'ను శవాసనానికి వాడుకుంటోంది.

పదిహేనేళ్లుగా భయం అమ్ముతున్నాడు. భయపడిన మనిషి ఒక్కరూ తగల్లేదు.

ఒక శనివారం, ఏడేళ్ల కూతురు ఎబ్బా కంచం పక్కకు నెట్టి, అతని హెడ్‌ఫోన్లు లాగేసింది. ఆ పిల్ల ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం ఇక్కడ.

"నాన్నా... నేనింక మీ ఇంటికి రాను."

"ఏం తల్లీ?"

"నా మంచం కింద నడుస్తోంది. అమ్మ దగ్గర ఏదీ నడవదు."

రేపే తల్లి వచ్చి తీసుకెళ్తుంది. ఇవాళ తేల్చకపోతే పిల్ల మళ్లీ రాదు.

డిసెంబరు. మూడున్నరకే చీకటి కాటుకలా ముసిరింది. కూతుర్ని పై మెట్టు మీద కూర్చోబెట్టి, టార్చి వేసుకోమని తన ఫోను చేతికిచ్చి, దిగాడు.

ఉతికే గదిలో గున్వోర్ దుప్పట్లు మడతపెడుతోంది.

"ఐదింటిదాకా నా వంతు."

"బట్టలకు రాలేదండీ. దెయ్యం కోసం."

"అయితే వెళ్లు. బూట్లు తుడుచుకుని వెళ్లు."

ఆ గది దాటితే ఇనుప జాలీల వెనక అందరి సామాన్లూ. టక్కున దీపం ఆరింది. రెండు నిమిషాలకే ఆరిపోయే దీపం... కరెంటు ఆదా కోసం సంఘం పెట్టించింది.

అప్పుడు మొదలైంది —

ఊపిరి... మెట్టు... మెట్టు...

అతని రోమాలు నిక్కబొడుచుకున్నాయి. భయపడుతూనే కుళ్లుకున్నాడు — ఎవడ్రా ఇంత బాగా చేసింది!

తడుముకుంటూ పోయాడు. మొదటి జాలీ... రెండోది... మూడోది.

మూడోది అతనిదే.

స్కీల వెనక, దుప్పటి కింద — ఎర్రటి కన్ను.

దుప్పటి లాగాడు. తన మొట్టమొదటి సింథసైజర్! అక్టోబరులో పనిచేస్తుందో లేదో చూద్దామని ఇక్కడే ప్లగ్గు పెట్టాడు. వేలు తీసినా స్వరం ఆగకుండా హోల్డ్ బటన్ నొక్కి, స్వరాన్ని ఊపే నాబ్‌ను అతి నిదానానికి తిప్పాడు. ఏమీ వినబడలేదు. ఇంతలో ఎబ్బాకు జ్వరమని బడి నుంచి ఫోను. యంత్రం చచ్చిందనుకుని దుప్పటి కప్పి పరుగెత్తాడు.

చావలేదు. పావుగంటకోసారి లేస్తోంది, అంతే.

ఆపితే ఈ మూలుగు పోయినట్టే. ఆ పాత యంత్రం ఏదీ గుర్తుంచుకోదు. నేలమాళిగ చెమ్మకు లోపల ఏం మారిందో ఏమో, నాబ్‌లన్నీ మళ్లీ ఇలాగే తిప్పినా ఇలా పలకదు. రికార్డు చేద్దామంటే ఫోను పైన ఎబ్బా చేతిలో ఉంది. తెచ్చుకుని ఇంకొక్క పావుగంట ఆగితే... ఇంకొక్క మూలుగు... నలభై ఒకటో భయం...

"నాన్నా..." పైనుంచి సన్నగా. "నిన్ను తినేసిందా?"

ప్లగ్గు పీకేశాడు.

ఎర్రకన్ను ఆరిపోయింది.

"దెయ్యం కాదు తల్లీ! మన పాత సింథసైజరే. తప్పు నాది, ఆపడం మరిచిపోయాను. ఇక రాదు."

మెట్లవైపు తిరిగాడు. పైన టార్చి వెలుగు కనబడలేదు.

"ఎబ్బా...?"

చీకటి. ఆ చీకట్లోంచి —

ఊపిరి... మెట్టు... మెట్టు... ఈసారి పైనుంచి కిందికి.

అదే మూలుగు. వెంట్రుకవాసి తేడా లేదు. ప్లగ్గు చూస్తే అతని చేతిలోనే ఉంది! ఉతికే గదిలో గున్వోర్ కెవ్వుమని దుప్పట్లన్నీ జారవిడిచింది. సిక్స్టెన్ జాలీకి అతుక్కుపోయాడు.

"ఎ... ఎవరది?"

టార్చి వెలిగింది. గడ్డం కింద వెలుగులో, ముందుపళ్లు ఊడిన బోసినవ్వు. మంచంలో ముడుచుకుని విన్నదంతా కంఠతా పట్టేసిన గొంతు.

"భయపడ్డావా నాన్నా?"

"చచ్చేంత," అన్నాడు, నిజమే చెబుతూ.

ఎబ్బా టార్చిని ఉతికే గది వైపు తిప్పింది.

"సరే అయితే, వస్తాలే మళ్లీ. గున్వోర్ గారి వంతు ఏ రోజో మాత్రం కనుక్కుని పెట్టు."