బండ్లవీధిలో బొగ్గు బస్సు

ధడేల్!

షెడ్డు తలుపులు మూసుకున్నాయి.

బయట గొలుసు పడింది. తాళం పడింది.

"ధనంజయా, లోపల నేనుండానప్పా!" అరిచాడు చెంగయ్య.

చెప్పుల చప్పుడు నింపాదిగా దూరమైపోయింది.

ఇదేం వేళాకోళం? డ్రైవర్ ధనంజయకు ఎకసెక్కాలు ఎక్కువే. ఇంజన్ చూడాలని చెప్పి, బొగ్గు రాజేసి కొలిమికి గాలికొట్టే గాలిచక్రం తిప్పమని పురమాయించింది వాడే. ఇటు తిప్పుతుండగానే అటు జారుకున్నాడు, దొంగ సచ్చినోడు!

చెంగయ్య వెనక్కి తిరిగాడు.

చీకటి. బస్సు వెనక బిగించిన బొగ్గు కొలిమి ఒక్కటే ఎర్రగా మండుతోంది. యుద్ధం వచ్చాక పెట్రోలు ఎక్కడిది? బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతోనే బస్సులు నడుపుతున్నారు. మహా పాపిష్టి గ్యాసు అది. కంటికి కనబడదు. మూసిన గదిలో పీలిస్తే మనిషి నిద్రలోనే పోతాడు.

కొలిమి గొట్టానికి ఎవరో ఇంకో రబ్బరు గొట్టం తొడిగారు.

ఎందుకు?

తడుముకుంటూ దాని వెంట వెళ్లాడు. గోనె సంచులు… వాటి వెనక గోడ… గోడలో కన్నం. గొట్టం అందులోకి దూరింది. చుట్టూ పచ్చి బంకమన్ను.

గోడ అవతల…

అక్క గది!



అక్క తాయమ్మ మొండి మనిషి. అమ్మానాయనా పోయాక తమ్ముణ్ణి ఆ ఇంట్లోనే సాకింది. ఉలవల అంగడి పెట్టి, వీధిలోని జట్కా గుర్రాలన్నిటికీ దాణా తనే అమ్మింది. అప్పట్లో తిరుపతి స్టేషన్లో రైలు దిగినవాళ్లంతా ఈ వీధి జట్కాలెక్కే అలిపిరికి పోయేవాళ్లు. కొండకు ఘాట్ రోడ్డు పడింది. బస్సులొచ్చాయి. జట్కావాళ్లు గుర్రాలమ్ముకున్నారు. చెంగయ్యా అమ్ముకున్నాడు. పగ్గాలు పట్టిన చేతులతోనే ఇప్పుడు బస్సుకు బొగ్గేస్తున్నాడు.

లాయాలు పోయి షెడ్లొచ్చాయి. కాఫీ హోటలొచ్చింది. బస్సుల సొంతదారు, మొదలాళి జయరావు వీధి వీధంతా కొనేశాడు. లొంగనివాళ్లు ఇద్దరే. గుర్రాలకు నాడాలు కొట్టే కుప్పయ్య ఒకడు. రెండోది తాయమ్మ. గుర్రాలే లేని వీధిలో ఉలవలెవరు కొంటారే అని తమ్ముడంటే, మనుషులు తినరా అనేది.

కుప్పయ్య పోయిన నెలలోనే పోయాడు.

నిద్రలో!

ఆ సాయంత్రం కూడా ఈ బస్సును కుప్పయ్య ఇంటి గోడకు ఆనించే నిలిపారు. బొగ్గు రాజేసి గాలిచక్రం తిప్పింది…

తనే!

ఛీ… ఎంత గుడ్డివాణ్ణయిపోయాను!

గొట్టం రెండు చేతులతో పట్టుకుని లాగాడు. రాలేదు. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. ఊడింది! ఇక గ్యాసంతా షెడ్డులోకే. పోనీ… కన్నానికి నోరు ఆనించి అరిచాడు.

"అక్కా! లెయ్యే! బయటికి పో!"

ఉలుకూ లేదు. పలుకూ లేదు.

జ్వరమని చీకటి పడకముందే పడుకుంది అక్క. ఎంత పీల్చిందో ఏమో. ఇప్పుడు బయటికి ఈడ్చుకెళితే బతుకుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే…

తలుపు మీద పడి భుజంతో గుద్దాడు. కదల్లేదు.

కిటికీలు? వాటికి పొద్దునే రేకులు కొట్టారు. వానకు బొగ్గు తడుస్తుందన్నారు. మేకులందించింది చెంగయ్యే! అక్కతోపాటు తననూ మట్టుపెట్టే ఎత్తన్నమాట!

కణతలు అదురుతున్నాయి. కాళ్లు తేలిపోతున్నాయి. కూర్చోవాలనిపిస్తోంది… కాసేపే…

కూర్చుంటే చచ్చాడే!

బస్సు!

జన్మలో నడపలేదు. కానీ రోజూ ధనంజయ కాళ్లనూ చేతులనూ చూస్తూనే ఉన్నాడు.

పంచె కొంగు ముక్కుకు కట్టుకున్నాడు. రబ్బరు గొట్టం పీకేసి కొలిమి గొట్టాన్ని ఇంజన్‌కు తగిలించాడు. బస్సు ముందుకెళ్లి హ్యాండిల్ తిప్పాడు. దగ్గింది… ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. కళ్ల ముందు మిణుగురులు.

మళ్లీ!

ఇంజన్ గర్జించింది. షెడ్డంతా దద్దరిల్లింది. ఇక దేవుడు పిలిచినా వినబడదు.

సీట్లోకి ఎగబాకాడు. గేరు కరకరమంటూ పడింది.

అప్పుడు కనబడింది… తలుపు సందులో లాంతరు వెలుగు.

ఎవరో తాళం దగ్గర తచ్చాడుతున్నారు.

ధనంజయ! తను చచ్చాడా లేదా అని చూసిపోడానికొచ్చాడు!

ఒక్క క్షణం ఆగొచ్చు. పక్కకు తప్పుకోమని అరవొచ్చు. చెంగయ్య అరవలేదు. అక్కకు విషం పెట్టినవాడి మీద జాలేమిటి? పళ్లు కొరికాడు.

క్లచ్ మీంచి కాలు తీసేశాడు.

ఫెళ్ మంటూ తలుపులు పగిలాయి! చక్రం దేని మీదనో ఎక్కి దిగింది. ఎదుటి అరుగుకు గుద్దుకుని ఇంజన్ ఆగింది.

చల్లగాలి!

గుండెనిండా పీల్చుకున్నాడు. కిందికి దూకాడు. అక్క గది వైపు పరుగెత్తబోయాడు.

కాఫీ హోటల్లోంచి జనం ఉరికొస్తున్నారు. ముందు జయరావు. పక్కన కాఫీకొచ్చిన కానిస్టేబులు. వాళ్ల వెనక, చేతిలో గ్లాసుతో…

ధనంజయ!

చెంగయ్య ఆగిపోయాడు.

మరి ఆ లాంతరు ఎవరిది?

తిరిగి చూశాడు. పగిలిన తలుపు చెక్కల కింద గడ్డపార. దాని పక్కన చీర కొంగు.

గ్యాసుకు తల తిరిగి అక్క ముందే బయటపడింది. తమ్ముడి కేకలు విని గడ్డపార తెచ్చి తాళం పగలగొడుతోంది. పిలిచే ఉంటుంది. ఇంజన్ మోతలో వినబడలేదు.

ఒళ్లోకి తీసుకున్నాడు. తాయమ్మ కళ్లు తెరిచింది.

"బయటికొచ్చేసినావా నాయనా…"

అంతే. తల వాలిపోయింది.

చెంగయ్య ఘొల్లుమన్నాడు. వీధంతా చుట్టూ మూగింది. సొంత అక్కనే తొక్కించినాడే అన్నారు ఎవరో.

జయరావు ఓదార్చేవాడిలా వంగాడు. చెవిలో మెల్లగా చెప్పాడు.

"గ్యాసు మాటెత్తినావంటే, కుప్పయ్య గోడకాడ చక్రం తిప్పిందెవరని అడుగుతారు. నీకు ఉరే. బండి అదుపు తప్పిందని చెప్పు. కొన్నాళ్లు జైలు. వచ్చినాక పనిస్తా."

నిజమే. ఎటు చూసినా గోడే. అక్క బతికుంటే చెంగయ్య తలూపేవాడేమో.

మెల్లగా లేచాడు.

"కానిస్టేబులన్నా… మా అక్కను తొక్కింది నేను. కుప్పయ్యను చంపింది నేను." జయరావు వైపు చెయ్యి చూపాడు. "ఈయన సొమ్ము తిని, ఈయన మాట మీద చంపినా. ఎట్ట చంపినానో ఆ షెడ్డులోనే ఉండాది. గోడకు కన్నం ఉండాది. పచ్చిమన్ను ఇంకా ఆరలేదు. పోయి సూడు."

కానిస్టేబులు షెడ్డు వైపు నడిచాడు. ధనంజయ చేతిలో గ్లాసు జారి పడింది.

జయరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగు పడలేదు. మణికట్టు చెంగయ్య పిడికిట్లో ఉంది.

"ఉరికైనా వస్తా మొదలాళీ. ఒక్కణ్ణే మాత్రం రాను."