మెత్తని టైర్లు

పొద్దున్నే ముఖం కడుక్కోగానే అనంతరెడ్డి దొర చేసే మొదటి పని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం. ఆ రోజూ చేశాడు. కాకపోతే కారు చక్రాల మీద లేదు, ఇటుకల మీద ఉంది. పాత టైర్లలో రెండు పగిలిపోయాయి. మిగిలిన రెండింటికి అతుకుల మీద అతుకులు పడి, అసలు రబ్బరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

సూర్యాపేటలో వాళ్లుండేది కిరాయి ఇల్లు. హుజూర్‌నగర్ అవతల సొంత ఊళ్లో కోటలాంటి పెద్ద గడి ఉండేది. ఊరు తిరగబడ్డ ఏడు ఉన్నపళాన కారెక్కి వచ్చేశారు. పోలీసు యాక్షన్ అయిపోయి మళ్లీ ఎండాకాలం వచ్చినా, తిరిగి ఊరికి పోయే ధైర్యం ఎవరికీ చాలలేదు. భూములు ఎవరు దున్నుతున్నారో, గడి తలుపులు ఎవరి పొయ్యిలోకి పోయాయో అడిగే దిక్కు లేదు. దొరతనంలో మిగిలింది ఆ పొడుగాటి నల్ల బ్యూక్ కారొక్కటే. అందుకే దానికి టైర్లు ఎంచడం ఆ ఇంట్లో పెళ్లిసంబంధం చూసినంత పని అయి కూర్చుంది.

వాకిట్లో గోడకు నాలుగు టైర్లు ఆనించి ఉన్నాయి. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన సరుకు అది. లావు పట్టెలు, మొండి రబ్బరు. పసందైతే ఉంచుకోండి, లేకుంటే వాపసు ఇవ్వండని లారీ షెడ్డు వాళ్లు నిన్ననే దించిపోయారు. వాటికి కాస్త ఎడంగా పీట మీద, అవును, మనుషులు కూర్చునే పీట మీదే, ఇంకో టైరు ఉంది. బెజవాడ నుంచి మచ్చుకు వచ్చిన ఒంటి టైరు. పక్కలు పల్చన, చుట్టూ తెల్లటి అంచు. అది నచ్చితే మిగతా మూడూ బెజవాడ నుంచే రావాలి.

"అమ్మా, జర ఒత్తి సూడు" అన్నాడు అనంతరెడ్డి.

పడక కుర్చీలో ఉన్న రుక్కమ్మ దొరసాని వంగలేదు. ఆమెకు నడుం నొప్పి. పాదం చాపి తెల్ల అంచు టైరును అదిమి చూసింది.

"దూదోలె ఉన్నదిరా కొడుకా. మరి గవేంది, గోడకున్నయి? టైర్లా, మొద్దులా? వాటి మీద కూసోని పోతే నా నడుం దక్కుతదా?"

చాయ్ పళ్లెం పట్టుకుని కోడలు సరోజన వచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో కూర ఏం వండాలన్నా ఆమెను అడిగే అలవాటు లేదు, టైర్ల సంగతి సరేసరి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర తలపాగా చేత్తో పట్టుకుని సోమ్లా కనిపించాడు. కోదాడలో ఆమె పుట్టింట్లో చాలా ఏళ్లుగా ఉన్న జీతగాడు. పొద్దుటి బస్సు దిగి నేరుగా వచ్చాడు.

"సరోజనమ్మా, మీ అమ్మకు పెయ్యి ఒక పక్క పడిపోయింది. మాట ముద్దముద్దగ వస్తున్నది. నీ పేరే అంటున్నది. జల్ది తోలుకరమ్మన్నరు."

సరోజన పళ్లెం కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది. "ఈ నాలుగు టైర్లు ఇయ్యాల్నే ఎక్కియ్యమనున్రి. పొద్దూకే వరకు కోదాడల ఉంటం."

అనంతరెడ్డి ఆమెను చూడలేదు, టైర్లను చూశాడు. "ఎక్కిచ్చినంక షెడ్డోళ్లు వాపసు తీసుకోరు."

"వాపసెందుకు? వాటినే ఉండనియ్యున్రి."

"నీకేమన్న సోయి ఉన్నదా? కోదాడల మీ వాడకట్టంత వాకిట్ల నిలబడి సూస్తది. గడి పోయింది, కారుకు లారీ టైర్లు పడ్డయి అని నవ్విచ్చుకోవాల్నా?"

"మా అమ్మ కారు టైర్లు సూస్తదా? నన్ను సూస్తది."

రుక్కమ్మ కుర్చీలోంచే అందుకుంది. "పోయినేడు సుత గిట్లనే కబురొచ్చింది. ఏడ్సుకుంట పోయినవు. నువ్వు పోయేసరికి మీ అమ్మ వాకిట్ల కూసోని చింతకాయ దంచుతున్నది. ఏడాదికొక్కసారి సస్తనని చెప్పి పంపుడు మీ అమ్మకు ఆటైంది."

అనంతరెడ్డి నవ్వాడు. చిన్న నవ్వే. సరోజన ఆ నవ్వు వింది. తర్వాత నెమ్మదిగా అంది. "అయితే నేను బస్సుల పోత. సోమ్లా తోడున్నడు."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది.

"బస్సులనా? సంతకు పోయే గంపల నడుమ కూసుంటవా? ఇంట్ల కారు పెట్టుకోని?"

"ఆ కారు ఇటుకల మీదున్నది."

పెళ్లయి వచ్చాక ఆమె అతనికి ఎదురు చెప్పింది అదే మొదటిసారి. డ్రైవర్ మత్తయ్య చేతిలోని గుడ్డతో తుడిచిన చోటే మళ్లీ తుడవసాగాడు. అనంతరెడ్డి గొంతు పెంచలేదు. పెంచకుండా మాటతో కొట్టడం అతనికి బాగా చేతనవును.

"పో. పోతే మల్ల ఈ గడప తొక్కకు. మీ అమ్మ మంచం పక్కనే నీకింకొక మంచం ఏసుకో."

సరోజన పోలేదు. మధ్యాహ్నం బస్సుకు సోమ్లా ఒక్కడే వెళ్లాడు. "కారు తయారైతున్నది, వస్తున్నమని చెప్పు" అని దొర అతనితో కబురు పంపాడు. సాయంత్రానికి మిలిటరీ టైర్లు లారీ షెడ్డుకు వాపసు వెళ్లిపోయాయి.

బెజవాడ నుంచి మిగతా మూడు టైర్లు వచ్చేసరికి వారం తిరిగింది. కోదాడ బస్సు రోజూ ఆ ఇంటి ముందు నుంచే హారను కొట్టుకుంటూ పోయేది. సరోజన వంటింట్లో చేస్తున్న పని ఆపి, ఆ మోత దూరమయ్యేదాకా నిలబడేది. తర్వాత మళ్లీ గంటె తిప్పేది. పనిమనిషి దుర్గమ్మ ఒకసారి ఉండబట్టలేక, "పోరాదా దొరసానీ, గడప ఏడికి పోతది, మల్ల తొక్కొచ్చు" అంది. సరోజన ఆమెను కసిరింది. దొరల ఇంటి కోడలికి పనిమనిషి బుద్ధి చెప్పడమేమిటని నిజంగానే కోపం వచ్చింది.

టైర్లు వచ్చిన రోజు మంగళవారం. కొత్త టైరు మంగళవారం ఎక్కించకూడదని రుక్కమ్మ అడ్డుపడింది. బుధవారం ఎక్కించారు. గురువారం ఉదయం కర్పూరం, గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. అన్నీ అయ్యాక వియ్యపురాలిని చూడాలని రుక్కమ్మ కూడా బయల్దేరింది. నిజానికి ఆమె చూడదలచుకున్నది మెత్తదనాన్ని. కారు వీధి చివరిదాకా పోయి ఆగింది.

"ఇంక జర కుదుపున్నదిరా. గాలి తియ్యి మత్తయ్యా."

"గాలి తీస్తే..." అని మత్తయ్య నసిగాడు.

"అమ్మ చెప్పింది గద" అన్నాడు అనంతరెడ్డి.

మత్తయ్య దిగి నాలుగు టైర్లలోంచీ గాలి వదిలాడు. వాటి పక్కలు తిన్న పొట్టల్లా ఉబ్బాయి. రుక్కమ్మ వెనక్కి వాలి తృప్తిగా కళ్లు మూసుకుంది.

నిజం చెప్పాలి, కోదాడ ప్రయాణం అంత హాయిగా ఎప్పుడూ సాగలేదు. కంకర రోడ్డు కంకర రోడ్డులా లేదు. అనంతరెడ్డి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి పెళ్లాన్ని అడిగాడు. "ఎట్లున్నది? నీళ్ల మీద పోయినట్టు లేదా?" మెచ్చుకోమని అడుగుతున్నాడు! సరోజన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అతను మళ్లీ ముందుకు తిరిగాడు.

మునగాల దాటాక, ఎండ నడినెత్తికి వచ్చే వేళ ముందు టైరు పగిలింది. కారు ఒక పక్కకు లాగి, గుంతలో దిగి ఆగింది. ఆ దెబ్బకు అదే పక్క వెనక టైరు కూడా చీలింది. గాలి తక్కువై రోడ్డంతా మడతలు పడుతూ వచ్చిన రబ్బరు కాలి వాసన వేస్తోంది. అదనపు టైరు లేదు. దానికి కూడా తెల్ల అంచే ఉండాలని, దొరికినప్పుడు తీసుకుందామని వదిలేశారు.

"బెజవాడోడు ముంచిండు" అని అనంతరెడ్డి అరిచాడు. మత్తయ్య మీద అరిచాడు. రోడ్డు మీద అరిచాడు. గాలి తీయమన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

అప్పుడు సూర్యాపేట వైపు నుంచి బస్సు హారను వినిపించింది. సరోజన తలుపు తీసుకుని దిగి, రోడ్డు నడిమధ్య నిలబడి చెయ్యి ఎత్తింది.

"సరోజనా! కార్ల కూసో. అందరు సూస్తున్నరు."

"సూడనియ్యున్రి."

బస్సు ఆగగానే ఎక్కింది. కూరగాయల గంపతో ఉన్న ఒకామె గంపను ఒళ్లోకి తీసుకుని జరిగింది. ఎవరూ నవ్వలేదు. ఎవరింటి కోడలివని ఎవరూ అడగలేదు. బస్సు ఎముకలు కదిలేలా ఎత్తి కుదేసింది, కానీ ఇంట్లో ఆలోచించి ఆలోచించి భయపడినదేదీ అక్కడ లేదు. కోదాడ ఇట్టే వచ్చేసింది. ఇంతే. వారం రోజులుగా ఇంటి ముందు నుంచి పోయిన బస్సు ఇదే. ఎక్కి కూర్చోవడానికి ఆమెకు ఒక టైరు పగలాల్సి వచ్చింది.

పుట్టింటి వాకిలి కడిగి ఉంది. తల్లి అచ్చమ్మ పడుకునే నులక మంచం గోడకు నిలబెట్టి ఉంది. తమ్ముడు శంకరరెడ్డి తడిబట్టలతో అరుగు మీద కూర్చున్నాడు. అక్కను చూసి లేవలేదు.

"ఇప్పుడా అక్కా?"

సరోజన మంచం వైపు తిరిగింది.

"నిన్న సాయంత్రం పోయింది. పొద్దుటి బస్సుకు సోమ్లాను కబురుతో పంపాం, దారిలో మిమ్మల్ని దాటిపోయినట్టున్నాడు. ఈ ఎండల్లో ఎంతసేపని ఉంచుతాం? నీ కారు వస్తదని ఇందాకటిదాకా ఆపాం. పెద్దమనుషులు ఇంక ఆగొద్దన్నారు. ఇప్పుడే కాల్చి వస్తున్నాం."

"నన్ను అడిగిందా?"

శంకరరెడ్డి కావాలంటే చెప్పకుండా ఊరుకోగలడు. కానీ అతనిలోనూ ఆ పూట దయ మిగల్లేదు.

"సోమ్లా వచ్చి కారు తయారైతున్నదని చెప్పాడుగా. ఇంక అదే పట్టుకుంది. బస్సొచ్చింది, అక్క వచ్చిందేమో చూస్తానంటే పోనిచ్చేది కాదు. నా బిడ్డ బస్సులో రాదురా, కార్లో వస్తది అనేది. ఆ ముద్ద మాటల్లోనే అనేది. కారు చప్పుడైతే చాలు, కళ్లు తెరిచేది. బెజవాడ రోడ్డున పోయే ప్రతి కారుకూ కళ్లు తెరిచిందక్కా."

సరోజన గోడకు ఆనుకుని కూలబడింది. ఏడుపు రాలేదు. తనను ఎవరూ తాళ్లతో కట్టెయ్యలేదు. గడప తొక్కొద్దన్న మాటకు భయపడింది, అది నిజమే. కానీ గంపల నడుమ కూర్చోవడానికి తను కూడా సిగ్గుపడింది. కారు దిగుతుంటే వాడకట్టు చూడాలని తను కూడా ఎప్పుడో ఒకప్పుడు కోరుకుంది. తల్లికి ఆ మురిపెం నేర్పింది తనే.

పొద్దు వాలుతుండగా కారు వచ్చింది. దారిన పోయే లారీ వాళ్లను బతిమాలి షెడ్డు నుంచి తెప్పించుకున్న ఆ మిలిటరీ మొండి టైర్లు రెండు ఒక పక్క, తెల్ల అంచు టైర్లు రెండు ఒక పక్క. కుంటుతూ, గరగరమంటూ వచ్చి ఆగింది. వాడకట్టంతా చూసింది. రుక్కమ్మ దిగి, వాకిలి చూసి సంగతి తెలుసుకుని, ఆనవాయితీ ప్రకారం గుమ్మంలోనే శోకం ఎత్తుకుంది.

"ఓ వదినా... నన్నొక్కసారి సూడకుంటనే పోతివా..."

"ఆపున్రి అత్తమ్మా" అంది సరోజన. "వినేటామె లేదు."

శోకం గొంతులోనే తెగిపోయింది. సరోజన కూర్చున్న చోటు నుంచి కదలకుండా, తమ్ముడు చెప్పిందంతా అత్తకూ మొగుడికీ చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. కళ్లు తెరిచిన సంగతి రెండుసార్లు చెప్పింది. అనంతరెడ్డి కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని గోడవారన చతికిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"తప్పయింది సరోజనా. నేను... నాదే తప్పు."

"మీరు టైర్లు ఎంచిన్రు. నేను ఎంచనిచ్చిన. ఇద్దరం కలిసే సంపినం" అంది సరోజన. ఓదార్చడానికి ఆమె చెయ్యి లేవలేదు.

రుక్కమ్మ గుమ్మంలోనే నిలబడి, గోడకు నిలబెట్టిన మంచాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు ఒక్కగానొక్క కూతురు. మిర్యాలగూడలో ఇచ్చారు, ఇంకా పెద్ద ఇంటికి. ముసలామె నడుం పట్టుకుని, వంగలేక వంగి, ఆ కటిక నేల మీదే కోడలి పక్కన కూర్చుంది. కూర్చుని, ఆమె చెయ్యి వెతుక్కుంది.

"సరోజనా."

"ఊఁ."

"నేను మంచాన పడితే మిర్యాలగూడకు కబురు పంపుతవా?"

"పంపుత."

"నా బిడ్డ వస్తదంటవా?"

సరోజన తలతిప్పి చూసింది. అత్త ముఖంలో అంత భయం ఆమె ఎన్నడూ చూడలేదు. ఊరు తిరగబడ్డ రోజు కూడా చూడలేదు.

"వాళ్లింట్ల సుత కారున్నదే" అంది రుక్కమ్మ.

అప్పుడు వచ్చింది సరోజనకు ఏడుపు. అత్త భుజం మీద తల పెట్టి, వాడకట్టంతా వినేలా ఏడ్చింది.